అప్‌డేట్: కేకులో చక్కెర బదులు తేనె

కేకులో చక్కెర మొత్తం తీసేసి తేనె వేస్తే కొలతలు ఎలా మార్చాలని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. చేసి చూశాను, బాగా వచ్చింది.

కప్పు చక్కెరకి ముప్పావు కప్పు తేనె వేశాను. తేనెలో దాదాపు 17-18 శాతం నీళ్లే కాబట్టి పాలు పావు కప్పు తగ్గించాను. తేనెకి కాస్త పులుపు గుణం ఉంటుంది, అందుకని పావు టీస్పూన్ వంటసోడా కలిపాను. అసలు తేడా అంతా ఓవెన్ వేడిలోనే ఉంది. తేనెలో ఉండే ఫ్రక్టోజ్ (పండ్లలో ఉండే రకం చక్కెర) మామూలు చక్కెర కన్నా తొందరగా రంగు తిరుగుతుంది. 180 డిగ్రీలకి బదులు 165 దగ్గర పెట్టి, పైన రంగు రాగానే ఫాయిల్ కప్పాను. లోపల చక్కగా ఉడికింది.

మర్నాటికి ఇంకా మెత్తగా అనిపించింది, తేనె తేమని పట్టి ఉంచుతుంది కదా. కాకపోతే చక్కెర కేకంత గుల్లగా పొంగలేదు. వెన్నతో గిలక్కొట్టేటప్పుడు గాలిని పట్టేది చక్కెర పలుకులే. కరకరలాడే బిస్కెట్లకి మాత్రం నేనైతే చక్కెరే వాడతాను.

ఒకరు "ఇది హెల్తీ కేక్" అన్నారు. అదేం లేదండీ, తేనె కూడా చక్కెరే. రుచి కోసమైతే సరే.

ఏడాది నిండని పిల్లలకి పెట్టొచ్చా అని అడిగినవాళ్లకి: వద్దు. తేనెలో బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా స్పోర్లు (విత్తనాల్లాంటివి) ఉండే అవకాశముంది, అవి ఓవెన్ వేడికి చావవు.