క్రూజ్‌లో ఫార్మల్ నైట్‌కి ఏం వేసుకోవాలి? మామయ్యగారు పంచె కడితే డిన్నర్‌కి రానిస్తారా?

వేళచ్చేరి_అమ్మాయి:
అందరికీ నమస్తే అండి. మే సెలవుల్లో సింగపూర్ నుంచి రాయల్ కరీబియన్ కంపెనీ ఓడలో 4 రాత్రుల ట్రిప్ బుక్ చేశాం. మేమిద్దరం, మా అబ్బాయి, అత్తయ్యగారు, మామయ్యగారు. మా అపార్ట్‌మెంట్‌లో ఓడ ఎక్కినవాళ్ళు ఒక్కరూ లేరు, ఏజెంట్‌ని అడిగితే ఏదో ఒకటి నీట్‌గా వేసుకోండి మేడం అని ఫోన్ పెట్టేశాడు. యాప్‌లో చూస్తే ఒకరోజు సాయంత్రం "డ్రెస్ యువర్ బెస్ట్" అని ఉంది, అదే ఫార్మల్ నైట్ అట, అందరూ బాగా తయారై డిన్నర్‌కి వెళ్ళే రాత్రి, అప్పట్నుంచి ఇంట్లో ఇదే చర్చ. మావారికి పెళ్ళి రిసెప్షన్‌కి కుట్టించిన సూట్ ఉంది, కోటు ఫర్వాలేదు కానీ ప్యాంటు నడుం దగ్గర పట్టట్లేదు, ఒక్క రాత్రి కోసం కొత్తది కుట్టించాలా అని ఆయన గొడవ. మామయ్యగారైతే జన్మలో సూట్ వేసుకోలేదు, బ్యాంకులో పనిచేసినన్నాళ్ళూ తెల్లచొక్కా ప్యాంటు, రిటైరయ్యాక పంచె తప్ప ఇంకోటి కట్టరు, ఆయన్ని గనక డైనింగ్ హాల్ గుమ్మంలో ఆపారంటే ఆ మాట మేం పదేళ్ళు వినాలి. అత్తయ్యగారు అప్పుడే కంచిపట్టు చీరలు మూడు తీసి మంచం మీద పరిచేశారు, ఫ్లైట్‌లో మనిషికి 20 కిలోలే అంటే వినట్లేదు. నేను చీర కట్టుకోనా, గౌన్‌లాంటిది ఏమైనా కొనాలా? మా అబ్బాయికి 14 ఏళ్ళు, కాలర్ ఉన్న చొక్కా అంటేనే మొహం మాడ్చుకుంటాడు. వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

సముద్రంపిచ్చి:
ముందు కంగారు తగ్గించుకోండి, పేరు చూసి భయపడేంత ఏమీ లేదు అక్కడ. రాయల్ కరీబియన్‌లో 3 నుంచి 5 రాత్రుల ట్రిప్పుకి సాధారణంగా ఫార్మల్ నైట్ ఒక్కటే పెడతారు, వారం ట్రిప్పుకైతే రెండు. అది కూడా మొదటి రాత్రి పెట్టరు, ఎందుకంటే మనం పోర్టులో అప్పజెప్పిన పెద్ద సూట్‌కేసులు కేబిన్ గుమ్మం ముందుకి వచ్చేసరికి ఒక్కోసారి సాయంత్రం అయిపోతుంది, అప్పుడు పట్టుచీర ఎక్కడి నుంచి తెస్తాం. ఎక్కువగా ఓడ ఎక్కడా ఆగకుండా సముద్రంలోనే ఉండే రోజు సాయంత్రం ఉంటుంది, అందరికీ తయారవడానికి తీరిక దొరుకుతుందని.

ఇక మీవారి విషయం. సూట్ తప్పనిసరి కాదు. ముదురు రంగు ప్యాంటు, ఇస్త్రీ చొక్కా, పైన ఒక బ్లేజర్ ఉంటే చాలా బావుంటుంది, బ్లేజర్ లేకపోయినా డిన్నర్ పెట్టకుండా పంపరు. ఆ రిసెప్షన్ కోటు ఫర్వాలేదన్నారు కదా, ప్యాంటు టైలర్‌కిచ్చి నడుం వదులు చేయించండి, లోపల బట్ట వదిలే ఉంటాడు, గంట పని. నన్నడిగితే మన మగవాళ్ళకి సూట్ కంటే బంద్‌గలా, అదే మెడదాకా గుండీలుండే కోటు, బెటర్, టై ముడి గొడవ లేదు, ఇక్కడ ఇంకో పెళ్ళికి కూడా పనికొస్తుంది. మరీ అవసరమైతే పెళ్ళి కోట్లు అద్దెకిచ్చే షాపులు చెన్నైలో బోలెడున్నాయి.

మీ బాబుకి ఒక ఫుల్ ప్యాంటు, ఒక కాలర్ చొక్కా పెట్టేయండి, గంటన్నర ఓర్చుకోమనండి. మెయిన్ డైనింగ్ రూమ్‌లోకి స్విమ్మింగ్ బట్టలు, చేతుల్లేని బనియన్ టైపు టీషర్ట్, తలమీద టోపీ ఇవి కుదరవు, అది ఫార్మల్ నైట్ ఒక్కటే కాదు ఏ రాత్రయినా అంతే. చీర కట్టుకోవచ్చా అని అసలు అడగక్కర్లేదు, ఆ రాత్రి సింగపూర్ ఓడలో మీరు మెట్లు దిగుతుంటే మీకంటే ముందు నలుగురు పట్టుచీరల్లో ఫొటోల లైన్లో నిలబడి ఉంటారు చూడండి.

ఫొటోలంటే గుర్తొచ్చింది, ఆ సాయంత్రం మెట్ల దగ్గర, లాబీలో వెనక పరదాలు కట్టేసి ఫొటోగ్రాఫర్లు రెడీగా ఉంటారు. తీయించుకోవడం ఫ్రీ, కొనడమే ఖరీదు. అత్తయ్యగారు మామయ్యగారు పక్కపక్కన నిలబడ్డది ఒక్కటి కొనుక్కోండి, మిగతావి ఫోన్లో తీసుకోండి.

బిట్రగుంట_ప్యాసింజర్:
నాదొక వేరే అభిప్రాయం, తిట్టకండి. సెలవులకి వెళ్ళేది షర్టు గుండీలు గొంతుదాకా పెట్టుకోవడానికా? ఆ రాత్రి డైనింగ్ రూమ్‌కే వెళ్ళాలని రూలేం లేదు, పైన విండ్‌జామర్ అని బఫే ఉంటుంది, అక్కడ ఫార్మల్ నైట్ లేదు ఏమీ లేదు, మామూలు బట్టల్లో వెళ్ళి ప్లేటు నింపుకుని కిటికీ పక్కన కూర్చుంటే హాయి. పైగా ఆ పూట జనం అంతా కింద ఉంటారు, లైను కూడా తక్కువ. ఈసారికి అయిపోయింది కానీ ఈ గోల అసలొద్దనుకుంటే నార్వేజియన్ అనే ఇంకో కంపెనీ వాళ్ళ ఓడలు చూడండి, వాళ్ళకి తప్పనిసరి ఫార్మల్ నైట్ అనేదే లేదు. నేను ఒకసారి నల్ల ప్యాంటు, కాలర్ టీషర్ట్‌లో డైనింగ్ రూమ్‌కే వెళ్ళి కూర్చున్నా, వెయిటర్ నవ్వుతూ మెనూ చేతికిచ్చాడు, అంతే.

మాంబళం_మాస్టారు:
ప్యాసింజర్ గారూ, మీ బఫే మీది, కాదనను. కానీ పెద్దవాళ్ళు ముచ్చటపడి తయారవుతామంటే పైకి తీసుకెళ్ళి ప్లేటు చేతికివ్వడం ఏం బావుంటుంది చెప్పండి.

అమ్మా, మీ మామగారి పంచె గురించి నేను చెప్తాను, నేనూ ఆ పంచె పార్టీయే కాబట్టి. మన చెన్నైలోనే 2014లో ఏమైందో గుర్తుందా, పంచె కట్టుకుని ఒక పుస్తకావిష్కరణకి వెళ్ళిన హైకోర్టు జడ్జిగారిని క్రికెట్ అసోసియేషన్ క్లబ్బులోకి రానివ్వలేదు. పెద్ద రగడ అయింది, అసెంబ్లీలో మాట్లాడుకున్నారు, ఆ ఏడాదే జయలలిత ప్రభుత్వం చట్టం తెచ్చింది, పంచె కట్టుకున్నాడని ఏ క్లబ్బూ మనిషిని గుమ్మంలో ఆపకూడదు, ఆపితే 25 వేల దాకా జరిమానా, లైసెన్సు కూడా పోతుంది. తెల్లవాళ్ళు వెళ్ళిపోయిన ఇన్నేళ్ళకి మన ఊళ్ళో మన బట్టకి చట్టం కావాల్సి వచ్చిందంటే ఏమనాలి. సరే, ఆ చట్టం తమిళనాడు గడప దాటి సింగపూర్ ఓడ మీద చెల్లదనుకోండి, ఓడవాడి రూలు ఓడవాడిదే. అయితే తమాషా ఏంటంటే అక్కడ ఈ బాధ లేదు. నేను జరీ అంచు పట్టుపంచె, పైన తెల్లచొక్కా, భుజాన ఉత్తరీయంతో వెళ్ళాను, గుమ్మం దగ్గర అమ్మాయి టేబుల్ నంబరు చూసి లోపలికి పంపింది, పక్క టేబుల్ ముసలాయన ఒకాయన లేచొచ్చి ఇది ఎలా కడతారండీ అని అడిగాడు. చుట్టూ ఒకేరకం నల్లకోట్లు, ఆ మధ్యలో మనమే కళకళ్ళాడుతూ కనిపిస్తాం.

జాగ్రత్తలు మాత్రం రెండున్నాయి. ఇంట్లో అలవాటు కొద్దీ పంచెని మోకాళ్ళ పైకి మడిచి కట్టొద్దని చెప్పండి, అది వాళ్ళ కళ్ళకి నిక్కరులాగే కనిపిస్తుంది. రబ్బరు చెప్పులు వద్దు, తోలు చెప్పులు వేసుకోమనండి. ముడి ఊడుతుందేమోనని అనుమానం ఉంటే పాండీ బజార్‌లో వెల్క్రో పంచెలు దొరుకుతాయి, లేదా నడుముకి బెల్టు పెట్టి పైన చొక్కా వదిలేస్తే ఎవరికీ కనపడదు. ఓడ కొంచెం ఊగుతుంది కదా, గోచీ పోసి కట్టడం వచ్చినవాళ్ళకైతే నడక ఇంకా సుళువు.

ఫిల్టర్_డికాషన్:
మాస్టారుగారి పోస్టుకి వంద లైకులు. ఆడవాళ్ళ సంగతి ఎవరూ సరిగ్గా చెప్పలేదు కాబట్టి నేను అందుకుంటున్నా. అక్కా, గౌన్ కొనకండి, ఆ డబ్బుతో ఒక మంచి ఉప్పాడ కొనుక్కోండి. ఓడలోకి నా ఓటు ఉప్పాడ జాందానీకే, తేలిగ్గా ఉంటుంది, మడిస్తే చేతిసంచిలో పడుతుంది, లైట్ల కింద జరీ ఎంత కావాలో అంతే మెరుస్తుంది. అత్తయ్యగారి కంచిపట్టు ఒక్కటి చాలు అని ఎలాగోలా ఒప్పించండి, భారీ జరీ చీరలు మూడంటే బ్లౌజులు లంగాలతో కలిపి బ్యాగ్ సగం బరువు అక్కడే అయిపోతుంది. మిగతా రాత్రులకి మంగళగిరి కాటన్‌గానీ సింథటిక్‌గానీ ఏదైనా సరిపోద్ది.

అసలు సమస్య ఇస్త్రీ. ఐరన్ బాక్స్ ఓడలోకి తీసుకెళ్ళనివ్వరు, చేతిలో పట్టుకునే స్టీమర్ కూడా కుదరదు, అగ్నిప్రమాదం భయం, స్కానింగ్‌లో కనపడితే తీసి పక్కన పెట్టేస్తారు. ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా అంతే. కొన్ని కంపెనీల ఓడల్లో ప్రయాణికులే వాడుకునే ఇస్త్రీ గదులుంటాయి, ప్రిన్సెస్, కార్నివాల్ వాళ్ళకి ఉన్నాయి, రాయల్ కరీబియన్‌లో లేవు, డబ్బులిచ్చి లాండ్రీకి వేయాలి, దాన్ని చివరి గంటదాకా ఆపితే ఆ రోజు అందరూ అదే పని మీద ఉంటారు. అందుకే చీరని ఇక్కడే రోల్ ప్రెస్ చేయించి, కుచ్చిళ్ళు ముందే పెట్టించి పిన్నులు కొట్టించేసుకోండి, ఇప్పుడు చీరకి ప్రీ ప్లీటింగ్ చేసేవాళ్ళు ప్రతి ఏరియాలో ఉన్నారు కదా, పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టుకెళ్ళండి, అక్కడ పది నిమిషాల్లో కట్టేసుకోవచ్చు. కేబిన్ చిన్నది, ఐదు మీటర్ల చీర పరుచుకుని కుచ్చిళ్ళు పెట్టుకునేంత చోటు ఉండదు, మీ ఆయన్ని మంచం ఎక్కి కూర్చోమనాలి. బ్లౌజుల్లాంటివి గోడకి తగిలించుకోవాలంటే మ్యాగ్నెట్ హుక్కులు నాలుగు తీసుకెళ్ళండి, కేబిన్ గోడలు ఎక్కువగా ఇనుప రేకువే, టక్కున అతుక్కుంటాయి.

ఏసీ దారుణం. డైనింగ్ రూమ్ ఒకెత్తు, ఆ తర్వాత షో చూసే థియేటర్ ఇంకా చల్లగా ఉంటుంది, పెద్దవాళ్ళకి శాలువా తప్పనిసరి. పై డెక్ మీదకి ఫొటోల కోసం వెళ్తే గాలికి పైట ఆగదు, భుజం దగ్గర ఒక పిన్నుకి రెండు పెట్టండి. హీల్స్ వద్దు, ఓడ కదిలినప్పుడు కుచ్చిళ్ళు కాలికింద పడితే అంతే సంగతులు.

నగల గురించి కూడా చెప్పేస్తా. కాసులపేరు, వడ్డాణం లాంటివి బంగారంవి మోసుకెళ్ళకండి, వన్ గ్రామ్ గోల్డ్ సెట్ పెట్టుకుంటే ఆ లైట్లలో ఎవడూ కనిపెట్టలేడు. అత్తయ్యగారు అసలువే అని పట్టుబడితే, వెళ్ళేటప్పుడే ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి, తిరిగొచ్చేటప్పుడు ఇవి ఇక్కణ్ణుంచి పట్టుకెళ్ళినవే అని చూపించడానికి.

వేళచ్చేరి_అమ్మాయి:
అమ్మో ఎంత బాగా చెప్పారండి అందరూ, థాంక్యూ. మాస్టారుగారి పోస్ట్ మామయ్యగారికి చదివి వినిపించా, రెండుసార్లు చదివించుకున్నారు. ప్యాంటు టైలర్‌కి వెళ్ళిపోయింది. అత్తయ్యగారు మూడు చీరల నుంచి రెండుకి దిగారు, ఇంకా బేరం నడుస్తోంది. ఇంకో రెండు డౌట్లు, ఆవిడ పొద్దున్నే దీపం, అగరుబత్తి లేకుండా కాఫీ తాగరు, కేబిన్‌లో పెట్టుకోవచ్చా? మల్లెపూలు ఇక్కణ్ణుంచి తీసుకెళ్తే నిలుస్తాయా?

ఫిల్టర్_డికాషన్:
దీపం, అగరుబత్తి, కర్పూరం ఏదీ కుదరదు అక్కా, మంట అంటే ఓడ మీద ఎవరూ ఒప్పుకోరు. బ్యాటరీ దీపం ఒకటి కొని పెట్టేయండి. పూలు చెన్నై నుంచి వద్దు, ఓడ ఎక్కేముందు సింగపూర్‌లో లిటిల్ ఇండియా వెళ్తారు కదా, సెరంగూన్ రోడ్ పక్క సందుల్లో మూరల లెక్కన కట్టిన మల్లెపూలు దొరుకుతాయి, కేబిన్‌లో చిన్న ఫ్రిజ్ ఉంటే తడిగుడ్డలో చుట్టి పెట్టండి. ఓడ దిగేటప్పుడు మాత్రం పూలు, పళ్ళు చేతిలో ఉంచుకోకండి, కొన్ని పోర్టుల్లో ఒప్పుకోరు.

కొత్తమెంబర్_బెంగళూరు:
మధ్యలో దూరుతున్నా సారీ. మా అక్కావాళ్ళు సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి క్వీన్ మేరీ 2 అనే ఓడలో వెళ్తున్నారు, 7 రాత్రులు. అక్కడ కూడా ఇంతేనా, బ్లేజర్ లేకపోయినా నడుస్తుందా?

సముద్రంపిచ్చి:
అక్కడ నడవదు. ఆ ఓడ నడిపే కునార్డ్ వాళ్ళు ఈ విషయంలో గట్టివాళ్ళు, ఫార్మల్ నైట్‌నే గాలా ఈవెనింగ్ అని పెడతారు, వారం ప్రయాణంలో మామూలుగా రెండు ఉంటాయి, సాయంత్రం 6 దాటాక ఓడలో చాలాచోట్ల అదే డ్రెస్ కోడ్. మీ బావగారికి టక్సీడో, అంటే బో టైతో వేసుకునే నల్ల డిన్నర్ సూట్‌గానీ, ముదురు సూట్‌కి టైగానీ ఉండాల్సిందే. వద్దనుకున్నవాళ్ళకి బఫే, పబ్ లాంటి కొన్ని చోట్లు వదిలిపెడతారు. అయితే వాళ్ళ రూల్స్‌లోనే ఎవరి దేశపు ఫార్మల్ బట్టలు వాళ్ళు వేసుకోవచ్చని రాసి ఉంటుంది, కాబట్టి మంచి షేర్వానీ ఉంటే టక్సీడో కొనే పని తప్పుతుంది. అక్కగారికి పట్టుచీరలు రెండు వేర్వేరువి పెట్టుకోమనండి, గాలా రాత్రుల్లో కొన్నిటికి ఎరుపు బంగారు రంగులనో, మాస్కుల పార్టీ అనో థీమ్ ఉంటుంది, ఎరుపు మీద బంగారు జరీ కంచి ఇంట్లో ఉండే ఉంటుంది కదా.