అమ్మానాన్నలతో స్టేట్ పార్కులకు ఆర్వీనా, కారూ మోటెలా?

ప్లేనో నాన్న: స్ప్రింగ్ బ్రేక్ సెలవుల్లో టెక్సస్‌లోని క్యాప్‌రాక్ కాన్యన్స్ స్టేట్ పార్కుకు, అక్కడి నుంచి పాలో డ్యూరో పార్కుకు వెళ్దామనుకుంటున్నాం. ఇద్దరు పిల్లలు, మా అమ్మానాన్నలు. అమ్మకు మోకాళ్ల నొప్పి, రాత్రి రెండు మూడుసార్లు బాత్రూమ్‌కు లేవాలి. అందుకే మంచాలు, వంటగది, బాత్రూమ్ ఉండే ఇల్లులాంటి బండి, అదే ఆర్వీ, అద్దెకు తీసుకుందామన్నాను. తమ్ముడేమో డబ్బు దండగ, కారులో వెళ్లి మోటెల్‌లో దిగమంటున్నాడు. మీరేమంటారు?

గోదావరి అమ్మాయి: నాదీ మీ తమ్ముడి మాటే. పోయినేడు మేం ఆర్వీలోనే వెళ్లాం. గాలన్‌కు తొమ్మిది మైళ్లు కూడా రాలేదు. అది సరే, అసలు బాధ వేరే. కరెంటు కేబుల్, నీళ్ల గొట్టం తగిలించి, బండి లెవెల్ చేసుకుని కూర్చున్నాక పెరుగు అయిపోయింది. ఊళ్లోకి వెళ్లాలంటే అన్నీ పీకేసి ఇంటినే తోలుకెళ్లాలి! బద్ధకించి మానేశాం. క్యాప్‌రాక్ పక్కనే ఉన్న కిట్టక్వే ఊరు చూడకుండానే వచ్చేశాం. నాకు అది ఇప్పటికీ వెలితే.

రోడ్డు మేస్త్రి: నేను ఒప్పుకోనండీ. పాలో డ్యూరో నుంచి మోటెళ్లుండే కాన్యన్ ఊరు 12 మైళ్లు. మధ్యాహ్నం అమ్మగారు కాసేపు నడుం వాల్చాలంటే ప్రతిసారీ మోటెల్‌కు తీసుకెళ్తారా? మంచం, బాత్రూమ్ పక్కనే ఉంటే ఆవిడ కూడా ప్రయాణంలో ఉన్నట్టు ఉంటుంది. లేకపోతే గదిలో కూర్చుని మీ కోసం ఎదురుచూడటమే.

రెండు జాగ్రత్తలు మాత్రం చెప్తాను. పాలో డ్యూరోలో లోయలోకి దిగే రోడ్డు 10 శాతం వాలు. తక్కువ గేర్‌లో దిగండి, బ్రేక్ తొక్కిపెట్టి ఉంచితే వేడెక్కిపోతుంది. రెండోది, పార్కులో ఆర్వీకి ఇచ్చే 30 ఆంప్ కరెంటు కనెక్షన్ అంటే 3,600 వాట్లే. ఏసీ, మైక్రోవేవ్, రైస్ కుక్కర్ ఒకేసారి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. అన్నం ఉడికేదాకా ఏసీ ఆపండి.

గోదావరి అమ్మాయి: అమ్మగారి సంగతి నిజమే, అంతదూరం ఆలోచించలేదు. అయితే తమ్ముణ్ని కారు వేసుకుని వెంట రమ్మనండి. క్యాప్‌రాక్‌లో అడవిదున్నల మంద ఉంది, 1878లో పశువుల రాంచ్ యజమాని చార్లెస్ గుడ్‌నైట్ దంపతులు కాపాడిన మంద సంతతి. పొద్దున్నే మీ నాన్నగారిని కారులో తిప్పి చూపించవచ్చు.

రోడ్డు మేస్త్రి: రెండు బండ్లంటే రెండు పెట్రోలు ఖర్చులు. ఒకే పార్కులో మూడు రాత్రులు ఉండి, సరుకులు ముందే నింపుకుంటే కారు అక్కర్లేదు. ఏదైనా త్వరగా తేల్చుకోండి, పార్కులో బండి నిలుపుకునే క్యాంప్ సైట్లు ఐదు నెలల ముందే బుకింగ్‌కు తెరుస్తారు.

ప్లేనో నాన్న: కిట్టక్వే చూడకుండా రావడం నాకూ ఇష్టం లేదు. తమ్ముణ్ని ఈ రాత్రే అడుగుతాను.