హెచ్4 మీద వచ్చాను, అఫిలియేట్ వెబ్‌సైటు పెట్టాలని ఉంది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మావారి హెచ్1బీ ఉద్యోగ వీసా మీద డిపెండెంట్‌గా, అంటే హెచ్4 వీసా మీద, ఈమధ్యే అమెరికా వచ్చాను. ఇండియాలో కంటెంట్ రైటర్‌గా పనిచేసేదాన్ని. ఇక్కడ రోజంతా ఊరికే కూర్చోవడం నావల్ల కావట్లేదు. వెబ్‌సైటు పెట్టి, వస్తువుల గురించి రాసి, అమెజాన్ లింకులు ఇస్తే కమిషన్ వస్తుందని, దాన్నే అఫిలియేట్ అంటారని విన్నాను. తెలిసినవాళ్లు ఒకరు కోర్సులో చేరమంటున్నారు, ఫీజు గట్టిగానే ఉంది. ఇది నిజంగా అయ్యే పనేనా? నాకింకా వర్క్ పర్మిట్ లేదు కాబట్టి అకౌంటు మావారి పేరు మీద తీసుకోవచ్చా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

జవాబు:

అమ్మా, అకౌంటు ఎవరి పేరు మీద అని అడిగావు కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను. సైటు తర్వాతైనా పెట్టుకోవచ్చు. వీసా స్టేటస్‌కి ఇబ్బంది వస్తే సరిచేసుకోవడం చాలా కష్టం.

హెచ్4 మీద ఈఏడీ (వర్క్ పర్మిట్ కార్డు) లేకుండా పని చెయ్యకూడదు. లింకులు పెట్టి కమిషన్ తీసుకోవడం పని కిందకే వస్తుంది. ఇంట్లోంచే కదా, ఎవరి దగ్గరా ఉద్యోగం కాదు కదా అనుకుంటారు చాలామంది. సొంతంగా చేసుకునేదీ పనే. యూట్యూబ్‌లో దీన్ని పాసివ్ ఇన్‌కమ్ అంటున్నారని షేర్ల మీద వచ్చే డివిడెండ్‌తో సమానం అయిపోదు. రాసేది నువ్వు, పాత పేజీలు దిద్దేది నువ్వు, లింకులు మార్చేది నువ్వు.

మీవారి పేరు మీద పెట్టడం ఇంకా ప్రమాదం. హెచ్1బీ వాళ్లు పిటిషన్ వేసిన కంపెనీకి తప్ప ఇంకెక్కడా పని చెయ్యడానికి లేదు, సొంత వ్యాపారంతో సహా. ఇండియా అకౌంటులో డబ్బు వేయించుకుంటే సరిపోదా అని కూడా కొందరు సలహా ఇస్తారు, వినకు. డబ్బు ఎక్కడ పడినా, నువ్వు కూర్చుని పని చేస్తున్నది ఈ దేశంలోనే. రేపు గ్రీన్ కార్డుకి ఐ-485 ఫారం నింపేటప్పుడు, అనుమతి లేకుండా ఎప్పుడైనా పనిచేశారా అని సూటిగా అడుగుతారు. ఆ గడిలో ‘లేదు’ అని ధైర్యంగా టిక్కు పెట్టగలగాలి.

మీవారికి గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయిందా? అయితే 2015 నుంచి ఉన్న రూలు ప్రకారం నువ్వు ఐ-765 ఫారం వేసి ఈఏడీ తెచ్చుకోవచ్చు. కార్డు చేతికొచ్చాక ఉద్యోగమైనా, సొంత వ్యాపారమైనా చేసుకోవచ్చు. ఇక్కడ మేమెంత చెప్పినా, ఒకసారి ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడే ముందుకెళ్లు. ఇది చదువుతున్న ఎఫ్1 (చదువు వీసా) మీదున్న పిల్లలకీ అదే మాట, మీరు ముందు మీ కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి.

ప్రశ్న అడిగినావిడ:

థాంక్యూ అక్కా. ఐ-140 అప్రూవ్ అయింది, ఈఏడీకి వెయ్యబోతున్నాం. అది వచ్చేలోపు ఊరికే రాసుకుంటూ ఉండొచ్చా? అసలు దేని మీద రాయాలో కూడా తేలట్లేదు. ఎక్కడ చూసినా ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, హెడ్‌ఫోన్లు అంటున్నారు.

జవాబు:

లింకులు, యాడ్స్, స్పాన్సర్లు ఏవీ లేకుండా ఊరికే బ్లాగు రాసుకోవడం వేరు, దాని మీద సంపాదించడం వేరు. అయినా రాస్తున్నదే రేపటి వ్యాపారం కోసం కాబట్టి, లాయరుతో మాట్లాడినప్పుడు ఈ ప్రశ్న కూడా అడిగెయ్. పబ్లిష్ చెయ్యకపోయినా నేర్చుకోవడానికి బోలెడుంది.

ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల జోలికి మాత్రం పోకు. ‘బెస్ట్ ల్యాప్‌టాప్’ అని వెతికితే మొదట కనిపించేవన్నీ పెద్ద మీడియా సంస్థల పేజీలు. వాళ్లకి ల్యాబులున్నాయి, స్టాఫ్ ఉన్నారు, ఎన్నో ఏళ్ల పేరుంది. కొత్త సైటు అక్కడ ఎవరి కంటా పడదు. నీ చేతిలో ఉన్న వస్తువు, నువ్వు నిజంగా పడిన ఇబ్బంది, దాన్ని వెతుక్కుంటూ వచ్చే మనిషి, ఈ మూడూ కలిసే చోటు చూసుకో. ఒక వస్తువు గురించి ఎవరైనా ఫోన్ చేసి అడిగితే పది నిమిషాలు ఆగకుండా చెప్పగలవా? అయితే అది నీ సబ్జెక్టు.

నేనీ మాట ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణముంది. 2024 మార్చిలో గూగుల్ స్పామ్ రూల్స్ మార్చింది. సెర్చ్‌లో పైకి రావడం కోసమే కుప్పలుగా పేజీలు తయారుచేసి పడేసే సైట్లని, వాటిని మనుషులు రాసినా ఏఐ రాసినా, స్పామ్‌గానే చూస్తామంది. అదే ఏడాది మే నుంచి ఇక్కడ సెర్చ్‌లో పైనే ఏఐ జవాబులు చూపించడం మొదలుపెట్టింది. మామూలు ప్రశ్నకి జవాబు అక్కడే దొరికిపోతే నీ పేజీ దాకా ఎవరొస్తారు? కంపెనీ స్పెసిఫికేషన్లు అటూ ఇటూ తిప్పి రాసే సైట్లకి ఇక రోజుల్లేవు. వస్తువుని వాడి, కొలిచి, సొంతంగా ఫోటో తీసి పెట్టినదానికే ఇంకా విలువుంది, చదివేవాళ్లకి పనికొచ్చేది కూడా అదే.

సెటప్ పెద్ద పని కాదు. నీ పేరు మీదే డొమైన్ (సైటు పేరు) కొను, ఆటో రెన్యువల్ పెట్టుకో, ఇంటి అడ్రసు బయటపడకుండా ప్రైవసీ ఆన్ చెయ్. డొమైన్ పేరులో అమెజాన్ అన్న మాట రానివ్వకు, అది వాళ్ల రూల్స్‌కి విరుద్ధం. మామూలు హోస్టింగ్ (సైటు ఉంచే అద్దె చోటు), సైటు కట్టే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్, ఫోన్‌లో త్వరగా తెరుచుకునే ఒక ఫ్రీ థీమ్ చాలు. సైటు లైవ్ అయిన రోజే గూగుల్ సెర్చ్ కన్సోల్‌కి కలుపు. జనం ఏ మాటలు కొట్టి నీ పేజీ దాకా వస్తున్నారో అందులో కనిపిస్తుంది. తర్వాత ఏం రాయాలో అదే చెప్తుంది.

ఇంకో జవాబు:

అక్కగారు చెప్పినవాటికి డబ్బుల లెక్కలు నేను కలుపుతానండీ. నేను ట్యాక్సుల పనిలో ఉన్నాను, ఈ ప్రశ్నలు ప్రతి సీజన్‌లోనూ వస్తాయి.

అమెజాన్ అఫిలియేట్ ప్రోగ్రాంలో చేరిన 180 రోజుల్లోపు మీ లింకుల ద్వారా కనీసం 3 అమ్మకాలు జరగాలి, లేకపోతే అకౌంటు మూసేస్తారు. అందుకే సైటులో జనం తిరగడం మొదలయ్యాకే అప్లై చెయ్యండి. మీ లింకు నొక్కి మీరే కొనుక్కున్నది లెక్కలోకి రాదు. మా లింకుతో కొంటే కొంత డబ్బు మీకే ఇచ్చేస్తాం అని ఆశపెట్టడమూ కుదరదు. లింకు నొక్కిన 24 గంటల్లోపు మనిషి కొనాలి. ఆలోపు కార్టులో వేసుకుంటే మాత్రం ఆర్డర్ పెట్టడానికి సుమారు 90 రోజుల దాకా టైముంటుంది. వస్తువు వెనక్కిస్తే కమిషన్ కూడా వెనక్కిపోతుంది. డబ్బు చేతికి రావడానికి ఆ నెల ముగిశాక సుమారు 60 రోజులు పడుతుంది. వంద డాలర్ల వస్తువు మీద 3 శాతం అంటే 3 డాలర్లు. వంద మంది లింకు నొక్కి, అందులో ఐదుగురు కొన్నారనుకోండి, 15 డాలర్లు. ఇంటి అద్దెకి దీన్ని నమ్ముకోకండి.

రేట్లు వాళ్లిష్టం. 2020 ఏప్రిల్‌లో ఫర్నిచర్, హోమ్ ఇంప్రూవ్‌మెంట్ కమిషన్ 8 నుంచి 3 శాతానికి దించేశారు. ఒక్క కంపెనీ మీదే ఆధారపడ్డ సైట్లకి ఆదాయం ఒక్కసారిగా పడిపోయింది. కాస్త నిలదొక్కుకున్నాక అవిన్, ఇంపాక్ట్, సీజే లాంటి నెట్‌వర్కులూ చూడండి.

మీకు లింకు మీద డబ్బొస్తుందన్న సంగతి చదివేవాళ్లకి తెలియాలి. ఇక్కడ ఎఫ్‌టీసీ (వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ) రూలు అది. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో పెడితే చాలదు. ఊరికే ‘అఫిలియేట్ లింక్’ అన్నా చాలామందికి అర్థం కాదని ఎఫ్‌టీసీయే అంటుంది. ‘ఈ లింకు ద్వారా మీరు కొంటే నాకు కమిషన్ వస్తుంది’ అని వ్యాసం మొదట్లోనే, మీరు రాసే భాషలోనే రాసెయ్యండి. అమెజాన్ అడిగే వాక్యం విడిగా ఉంటుంది, దాన్నీ పెట్టాలి. వాడని వస్తువుకి వాడినట్టు రివ్యూ రాయడం ఎలాగూ తప్పే. 2024 అక్టోబరు నుంచి నకిలీ రివ్యూల మీద ప్రత్యేకంగా రూలు కూడా వచ్చింది, జరిమానాలు ఉంటాయి. వస్తువు ధర పేజీలో టైపు చేసి పెట్టకండి. ధరలు గంటకోలా మారతాయి, అమెజాన్ కూడా ఒప్పుకోదు.

ఇక ట్యాక్సు. ఈఏడీతో పాటు ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) తీసుకోండి. సైటు ఆదాయం షెడ్యూల్ సీ (సొంత వ్యాపారం లెక్క చూపే ట్యాక్సు ఫారం)లో చూపించాలి. డొమైన్, హోస్టింగ్, రివ్యూ కోసమే కొన్న వస్తువుల బిల్లులు మొదటి రోజు నుంచీ ఒక ఫోల్డర్‌లో దాచండి. ట్యాక్సు లెక్కలో మీరు రెసిడెంట్ అయితే, ఖర్చులు పోగా ఏడాదికి 400 డాలర్లు దాటగానే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ 15.3 శాతం పడుతుంది, మామూలు ఇన్‌కమ్ ట్యాక్సు దానికి అదనం. మీకెంత కట్టారో కంపెనీ పంపే 1099 ఫారం రాలేదు కాబట్టి చూపించక్కర్లేదు అనుకోకండి. ఫారం వచ్చినా రాకపోయినా ఆదాయం ఆదాయమే.

మరొకరు:

కోర్సు సంగతి ఎవరూ ఎత్తలేదు, అందుకని రాస్తున్నాను. చెల్లీ, అసలైన అఫిలియేట్ ప్రోగ్రాంలో చేరడానికి పైసా కట్టక్కర్లేదు. ముందు డబ్బు కట్టు, తర్వాత నీలాంటి ఇంకో ఇద్దర్ని చేర్చు అన్నారంటే అది అఫిలియేట్ మార్కెటింగ్ కాదు, గొలుసు వ్యాపారం. మన ఊరివాళ్లమే కదా అని చనువుగా మాట్లాడి, ఇంటికి పిలిచి, బోర్డు మీద వలయాలు గీసి చూపిస్తారు. వాట్సాప్‌లో వచ్చే ‘ప్రొడక్టులకి లైక్ కొట్టండి, రోజూ డబ్బు’ మెసేజీలూ మోసమే. మొదట చిన్న మొత్తం ఇస్తారు, తర్వాత మన చేతే డబ్బు కట్టిస్తారు. రెడీమేడ్ సైట్లు అమ్మేవాళ్లదీ దాదాపు అదే వరస. ఒకే సరుకుని వందమందికి అంటగడతారు.

కోర్సు చెప్పే మనిషిని ఒకే ప్రశ్న అడుగు: మీరు నడిపే సైటు ఏది, చూపించండి అని. కోర్సులు అమ్మే సైటు కాదు, వస్తువుల మీద రాసే సైటు. చూపించకపోతే దణ్ణం పెట్టి వచ్చెయ్. వర్డ్‌ప్రెస్, సెర్చ్ కన్సోల్ వాడకం గురించి ఆ రెండింటి సొంత సైట్లలోనే పాఠాలున్నాయి, ఉచితంగా.

ప్రశ్న అడిగినావిడ:

అందరికీ చాలా చాలా థాంక్స్. మావారి పేరు మీద అకౌంటు ఆలోచన మానేశాను, కోర్సు కూడా. ఒక ఐడియా చెప్తాను, బాగుందో లేదో చెప్పండి. మా అపార్ట్‌మెంట్‌లో వాషర్ లేదు, లాండ్రీ కింద బేస్‌మెంట్‌లో. అందుకని సింక్ నల్లాకి తగిలించుకునే చిన్న పోర్టబుల్ వాషర్ కొన్నాం. ఏది కొనాలో తేల్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. దీని మీద రాస్తే?

జవాబు:

బంగారంలా ఉంది, రాయి. అయితే ‘టాప్ 10 పోర్టబుల్ వాషర్లు’ అని మొదలుపెట్టకు, పదీ నువ్వు వాడలేదు కదా. నీ దగ్గరున్న ఒక్కదాని గురించే వివరంగా రాయి. నల్లా చివర జాలీ విప్పి అడాప్టర్ ఎలా బిగించావు? సైజు సరిపోయిందా? కిందకి లాగే స్ప్రే ఉన్న నల్లాలకి చాలావరకు ఆ అడాప్టర్ ఎక్కదు. ఆ ఒక్క సంగతి ఫోటోతో సహా మొదట్లోనే చెప్పావంటే ఎంతమందికి వస్తువు వెనక్కి పంపే బాధ తప్పుతుందో! నీళ్లు నిండటానికి ఎంతసేపు పట్టింది, స్పిన్‌లో ఎంత ఊగింది, కింద ఫ్లోర్‌వాళ్లకి వినిపించిందా, జీన్స్ ఎన్ని పట్టాయి, దుప్పటి పట్టిందా, తిరుగుతున్నంతసేపూ ఆ సింక్ వాడుకోవడానికి వీలైందా, ఇవన్నీ రాయి. కొన్ని లీజుల్లో ఇంట్లో వాషింగ్ మెషీన్ పెట్టకూడదని ఉంటుంది. కొనేముందు లీజు చూసుకోమని పైనే చెప్పు, దానివల్ల కొంతమంది కొనకుండా వెళ్లిపోయినా సరే. అలా వెళ్లిపోయినవాళ్లే ఇంకో వస్తువు అవసరమైనప్పుడు నీ మాట మీద నమ్మకంతో తిరిగొస్తారు.

దాని చుట్టూ సహజంగా వచ్చే ప్రశ్నలకి ఒక్కొక్క పేజీ. బట్టలారేసే స్టాండు, చిన్న బాత్రూంలో దాన్ని ఎక్కడ పెట్టాలి, లింట్ ఫిల్టర్ ఎలా కడగాలి. వీటిలో కొన్నింటికి అమ్మడానికి వస్తువే ఉండదు, అయినా రాయి. ఈఏడీ వచ్చాక లింకులు పెట్టేటప్పుడు వాటికి రెల్ స్పాన్సర్డ్ (rel="sponsored") అన్న గుర్తు తగిలించు, డబ్బొచ్చే లింకులకి అది పెట్టమని గూగుల్ 2019 నుంచీ చెప్తోంది. వర్డ్‌ప్రెస్‌లో ఏదో ఒక ఎస్ఈఓ (సెర్చ్‌లో సైటు కనిపించడానికి సాయపడే) ప్లగిన్‌తో ఆ పని అయిపోతుంది. మొదటి డ్రాఫ్టు రాశాక నాకు పంపు, చదివి చెప్తాను. ఫోటోలు మాత్రం కంపెనీవి కాదు, మీ సింక్ దగ్గర నువ్వు తీసినవే పెట్టు.