సమర్త పాటలు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మా నాయనమ్మది కోనసీమ. ఊళ్లో ఏ పిల్ల పెద్దమనిషి అయినా ముందు ఆవిడకే కబురొచ్చేది, పిల్లని చాప మీద కూర్చోబెట్టి, చిమ్మిలి ముద్ద చేతిలో పెట్టి, హారతిచ్చే ముత్తైదువలతో కలిసి సమర్త పాట ఎత్తుకునేది. నువ్వులూ బెల్లమూ రోట్లో దంచుతుంటే నూనె అంటి రోకలి మొన మెరిసేది, ఆ దెబ్బకి తగ్గట్టే కూనిరాగం తీసేది. అదొక్కటే నాకు గుర్తు. మాటలు రావడం లేదు. ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకున్నాను కానీ ఫోన్ పాడైపోయి అదీ పోయింది, ఇప్పుడు ఆవిడా లేదు.

మా పాపకి పదకొండేళ్లు. బయట కూర్చోబెట్టడం, గిన్నె వేరు, చాప వేరు, ఇవేవీ దానికి వద్దని గట్టిగా అనుకున్నాను. పాట మాత్రం కావాలి.

మీ ఇంట్లో పెద్దవాళ్లకి వస్తే రెండు చరణాలైనా రాసి పెట్టండి, ఏ ఊరిదో కూడా చెప్పండి. తెలంగాణ, రాయలసీమ పాటలైనా సరే. అలాగే నెలసరిని మీ వైపు ఏమంటారు? మా ఇంట్లో "బయట చేరింది" అనేవాళ్లు, మేం చిన్నపిల్లలం అడిగితే "కాకి ముట్టుకుంది" అనేవాళ్లు. ముట్టు, బహిష్టు అన్నీ దూరం పెట్టే మాటలే, ఒక్క పుష్పవతి తప్ప. పాపకి చెప్పడానికి ఇంకేదైనా మంచి మాట ఉందా?