ఒకప్పటి రాజు, రాబోయే రాజు: ఇద్దరా, ఒక్కడేనా?

మా మేనకోడలికి పదేళ్లు. రాత్రిళ్లు దానికి బ్రిటన్ పాత గాథల్లోని ఆర్థర్ రాజు కథ తెలుగులో చెబుతున్నాను. మొన్న సమాధి మీది వాక్యం దాకా వచ్చి, "ఇక్కడ పడుకుని ఉన్నాడు ఆర్థర్, ఒకప్పటి రాజు, రాబోయే రాజు" అన్నాను. దుప్పటి తోసేసి లేచి కూర్చుంది. "ఒకే సమాధిలో ఇద్దరు రాజులా మామయ్యా?"

తప్పు నా తెలుగుదే. లాటిన్‌లో ఆ చివరి ముక్క "రెక్స్ క్వోందమ్ రెక్స్‌క్వే ఫుతూరుస్". ఆర్థర్ కథల్ని ఇంగ్లీషులో కూర్చిన రచయిత మాలొరీ పుస్తకం చివర్లో ఉంది; దాన్ని 1485లో కాక్స్‌టన్ అనే ముద్రాపకుడు అచ్చువేశాడు. ఆర్థర్ చావలేదు, మళ్లీ వస్తాడని జనం అంటారని చెప్పి, అలా జరుగుతుందని మాత్రం నేననను అంటూనే మాలొరీ దీన్ని అక్కడ పెట్టాడు. ఇంగ్లీషు పిల్లల ఫాంటసీ ఈ వాక్యాన్ని వదల్లేదు. టి.హెచ్. వైట్ 1958లో తన ఆర్థర్ నవలల సంపుటికి దీన్నే పేరుగా పెట్టాడు. సూజన్ కూపర్ 1975 నవలలోనైతే ఆర్థర్ కొడుకు బ్రాన్ ఈ కాలపు వేల్స్‌లో గొర్రెల మందల మధ్య పెరుగుతుంటాడు. పోయిన రాజు పోలేదన్న నమ్మకం మీదే కథంతా నిలబడింది.

ఇక మాటల సంగతి. "మాజీ రాజు" అంటే పదవి ఊడినవాడు, అది పనికిరాదు. "కాబోయే రాజు" అంటే ఇంతవరకూ కానివాడు, అదీ కుదరదు. "ఫుతూరుస్" అంటే సరిగ్గా మన "ఉండబోయే". ఇంగ్లీషుకు లేని ఈ "-బోయే" వాడుక మనకుంది, దాన్ని వదులుకోకూడదు. అలా "ఏలిన రాజు, ఏలబోయే రాజు" దాకా వచ్చాను. అయినా ఇద్దరిలాగే వినిపిస్తోంది. చివరికి ఒక్క ఏత్వంతో పని అయింది:

"ఏలిన రాజే ఏలబోయే రాజు."

లాటిన్‌లో "రెక్స్‌క్వే" చివరి "క్వే" కూడా మాటకు అంటుకుని వచ్చేదే, కాకపోతే దాని అర్థం "మరియు". మన "ఏ" ఇంకో అడుగు వేసి, వాడే వీడని తేల్చేస్తుంది.

బలి చక్రవర్తి కథ పోతన భాగవతంలో చదివినవాళ్లకు ఈ ఊహ కొత్త కాదు. ముల్లోకాలూ ఏలి, అన్నీ ఇచ్చేసి, సుతలంలో ఉంటూ, రాబోయే సావర్ణి మనువు కాలంలో ఇంద్రుడవుతాడు. ఆ కథ చెప్పాకే మేనకోడలికి ఆర్థర్ సంగతి పట్టుబడింది. "ఏలిన" తెలుసా అని అడిగితే, "రాజ్యం ఏలాడు అంటారుగా" అంది.

"ఇక్కడ పడుకుని ఉన్నాడు" దగ్గర మాత్రం ఇంకా తృప్తి లేదు. "శయనించి" అంటే మేనకోడలికి అందదు. "నిద్రపోతున్నాడు" అంటే మాలొరీ తేల్చకుండా వదిలేసింది నేను తేల్చినట్టవుతుంది. మీరైతే ఏ మాట వాడతారు?