నాన్న మడమ మీద నల్లమచ్చ: కోయకుండా కాంతితోనే తేల్చగలరా?

పెన్నాతీరం:
మా నాన్నకు 61 ఏళ్లు, వ్యవసాయం. కుడి మడమ మీద నల్లమచ్చ ఉంది. నిరుడు శనగగింజంత ఉండేది, ఇప్పుడు రూపాయి బిళ్లంత అయింది. ఒక పక్క గోధుమరంగు, ఇంకో పక్క కారునలుపు. ముల్లు గుచ్చుకున్న మచ్చేలే అంటారు. ఊళ్లో ఇచ్చిన ఆయింట్‌మెంట్‌తో ఆరు నెలలు గడిచిపోయాయి. బయాప్సీ (మచ్చలో ముక్క కోసి పరీక్షించడం) అంటే ఆయనకు భయం, కత్తి తగిలితే పాకుతుందని. ఫోటాన్లతో, అంటే కాంతి కణాలతో, స్కిన్ క్యాన్సర్ కనిపెట్టే మిషన్లు వచ్చాయట కదా, దాంతో సరిపోతుందా? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

లేజర్‌ల్యాబ్:
నేను ఆప్టిక్స్‌లో పనిచేస్తాను. చర్మం మీద లేజర్ వేస్తే ఫోటాన్లు దాదాపు అన్నీ అదే రంగుతో చెదురుతాయి. సుమారు కోటిలో ఒకటి మాత్రం అక్కడి అణువులకు కొంత శక్తి ఇచ్చి, రంగు మారి వస్తుంది. 1928లో కలకత్తాలో సి.వి. రామన్ కనిపెట్టింది ఇదే. క్యాన్సర్‌లో ప్రొటీన్లు, కొవ్వుల పాళ్లు మారతాయి కాబట్టి ఆ రంగులూ మారతాయి. రంగు మారని ఫోటాన్లు చెదిరిన తీరును చూసే చేతి మిషన్ ఒకదానికి 2024 జనవరిలో అమెరికా ఎఫ్‌డీఏ (మందులు, వైద్య పరికరాలను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ) అనుమతి ఇచ్చింది. కానీ అది స్కిన్ స్పెషలిస్టు దగ్గరికి పంపాలా వద్దా అని మామూలు డాక్టరు తేల్చుకోవడానికే. బయాప్సీ చేసే పని అది చేయదు.

స్కిన్‌డాక్టర్:
మనవాళ్లలో మెలనోమా, అంటే నల్లమచ్చలా కనిపించే ప్రమాదకరమైన స్కిన్ క్యాన్సర్, అరుదు. వస్తే మాత్రం ఎక్కువగా అరికాల్లో, అరచేతిలో, గోరు కింద వస్తుంది. కోయకుండా చర్మం లోపల చూసే కన్‌ఫోకల్ మైక్రోస్కోప్ అనే మిషన్ ఉంది, కానీ దాని లేజర్ మామూలు చర్మంలోనే పావు మిల్లీమీటరు లోతు దాకా చూస్తుంది, మడమ చర్మమేమో మందం, కాబట్టి ఇక్కడ అది చాలదు. మీకు ముందు కావలసింది డెర్మోస్కోప్, అంటే మచ్చను పెద్దదిగా చూపించే లైటున్న భూతద్దం. అదీ కాంతితో చూసేదే, చాలా స్కిన్ క్లినిక్‌లలో ఉంటుంది. అరికాల్లో వేలిముద్రల్లాంటి గీతలుంటాయి కదా, మీ నాన్నగారికి చేను భాషలో చెప్పండి: నలుపు సాళ్లలో, అంటే గీతల మధ్య పల్లాల్లో, ఉంటే సాధారణంగా పుట్టుమచ్చ; బోదెల మీద, అంటే ఉబ్బెత్తు గీతల మీద, ఉంటే అనుమానించాలి. ఏదైనా, ఏడాదిలో ఇంత పెరిగి రెండు రంగులున్న మచ్చకు బయాప్సీ తప్పదు. దానివల్ల క్యాన్సర్ పాకదు. ఆలస్యం చేస్తే లోతుకు దిగుతుంది, మెలనోమాలో ఒక్క మిల్లీమీటరు కూడా లెక్కే. ఈ వారమే వెళ్లండి, దయచేసి.

పెన్నాతీరం:
ఫోన్‌లో ఫొటో తీసి, పెద్దది చేసి చూపించాను. చాలాసేపు చూసి, "బోదెల మీదే ఉందమ్మా" అన్నారు. శుక్రవారం నెల్లూరు తీసుకెళ్తున్నాను. బయాప్సీకి ఒప్పుకున్నారు.