అద్దింటి మిద్దె మీద బీర, కాకర, దొండకు పందిరి ఎలా వేయాలి?

కొర్లగుంట మిద్దెతోట:
తిరుపతిలో అద్దింట్లో ఉంటున్నాం. మిద్దె మీద గ్రో బ్యాగుల్లో బీర, కాకర, దొండ పెట్టాను. మొక్కలు జానెడు లేచాయో లేదో నులితీగలు పక్కనున్న మిరప కొమ్మను చుట్టేస్తున్నాయి. శ్లాబుకు రంధ్రాలు కొట్టొద్దని ఓనర్ గట్టిగా చెప్పారు. జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులు పెట్టించాలా, సర్వి (సరుగుడు) కట్టెలు సరిపోతాయా? కార్తీకంలో వాయుగుండం పడితే గాలికి మొత్తం ఎగిరిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

చంద్రగిరి తోట:
పైపా, కట్టెనా అన్నది తర్వాత, ముందు తీగ దేన్ని పట్టుకుంటుందో చూడండి. బీర, కాకర నులితీగలకు సన్నటి ఆధారం కావాలి, లావు పైపును చుట్టుకోలేక జారిపోతాయి. అందుకే నాలుగు మూలలా ఏది నిలబెట్టినా మధ్యలో నైలాన్ వలో కొబ్బరి తాడో ఉండాల్సిందే. వల కళ్లు మన చెయ్యి దూరేంత, నాలుగైదు అంగుళాలు ఉండేలా తీసుకోండి, చిన్న కళ్లలో కాయ ఇరుక్కుంటే అక్కడే నొక్కుకుపోయి వంకరగా పెరుగుతుంది. తర్వాత చిక్కుడు పెడితే దానికి వల కూడా అక్కర్లేదు, కాండమే మెలి తిరుగుతూ ఎక్కుతుంది, పైనుంచి తాడు వేలాడదీస్తే చాలు.

పలమనేరు రైతు:
దొండను మిగతా రెండింటితో కలపొద్దు. బీర, కాకర కొన్ని నెలల పంట, అయిపోయాక ఎండిన తీగను వలతో సహా తీసేయొచ్చు, వాటికి సర్వి కట్టెలు బాగానే ఆగుతాయి. దొండ అలా కాదు, ఏళ్ల తరబడి కాస్తుంది, కత్తిరించిన ప్రతిసారీ మళ్లీ చిగురేస్తుంది, తీగ బరువు కూడా ఎక్కువ. డబ్బు పెట్టాలనుకుంటే దాని పందిరికే జీఐ పైపులు పెట్టండి, పైన జీఐ తీగ లాగండి.

తిరుచానూరు మిద్దెతోట:
రంధ్రాలతో పనిలేదండీ. పాత 20 లీటర్ల పెయింట్ బకెట్లలో పైపు నిలబెట్టి కాంక్రీటు పోయండి, ఆరాక పిట్టగోడ వారగా, వీలైతే కింద గోడ ఉన్న చోట పెట్టండి, శ్లాబు నడిమధ్యన వద్దు. నాలుగు పైపులనూ పైన అడ్డ పైపులతో కలిపి బిగించాలి. ఎత్తు ఆరడుగులు దాటించకండి. బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, తేనెటీగలు రాకపోతే మగపువ్వు తెంపి ఆడపువ్వుకు మనమే అద్దాలి, స్టూలు ఎక్కి ఆ పని రోజూ చేయలేం. ఇక గాలి సంగతి, నిలువుగా కట్టిన వల ఆకులతో నిండిందంటే గాలిని గోడలా అడ్డుకుంటుంది, తోసేది అదే. వాయుగుండం కబురు రాగానే ముదురు ఆకులు కోసేసి, వలను కింది నుంచి విప్పి వదిలేయండి.